మాస్టర్ గారికి వచ్చిన ఉత్తరం

జూన్ 3

ఏమే పిచ్చుకా,

కోటు అందిందని బొత్తాల కొట్టావిడకి ఫోను చేసి చెప్పావట. అక్కకి నాలుగు ముక్కలు రాస్తే నీ చేతులు అరిగిపోతాయా? ఫ్యాక్టరీలో నిన్ను చెకింగ్ సెక్షన్‌కి మార్చారన్న సంగతి కూడా ఆవిడ చెబితేనే తెలిసింది. సొంత చెల్లెలి కబుర్లు బొత్తాల డబ్బాల్లోంచి ఏరుకోవాల్సి వస్తోంది నాకు.

నీకే ఫోను చేస్తానక్కా అని దీర్ఘాలు తీయకు. మన కొట్టు ఫోను కౌంటరు మీద, మీ బావ మోచేతి పక్కన ఉంటుంది. నేను వెనక గదిలోంచి వచ్చి అది అందుకున్నానంటే కూర్చున్న కస్టమర్లందరూ మాటలు ఆపేసి నా వైపే చూస్తారు. అందుకే ఉత్తరం. నువ్వు కూడా బొత్తాల కొట్టు చిరునామాకే రాయి, ఆవిడ దారాలతో పాటు తెచ్చిస్తుంది.

కోటు భుజాల దగ్గర ఎలా కూర్చుంది? నిన్ను చూసి రెండేళ్లయింది. ఒళ్లు చేశావో చిక్కిపోయావో తెలియక ఊహ మీద కట్ చేశాను. లైనింగు కింద ఒకటిన్నర అంగుళం గుడ్డ వదిలిపెట్టాను. లావైతే విప్పుకో, సిగ్గుపడకు.

ఇక్కడ అంతా మామూలే. మీ బావ ముందు గదిలో టేపు మెడలో వేసుకుని కొలతలు తీస్తూ గట్టిగా చదువుతారు, "ఛాతీ నలభై, నడుము ముప్పై ఎనిమిది, ఎడమ భుజం కొంచెం దిగింది" అని. చెక్క గోడకి ఇవతల నేను రాసుకుంటాను, గీస్తాను, కత్తిరిస్తాను, కుడతాను. తయారయ్యాక ఆయన కస్టమరుకి తొడిగి చూస్తారు. "మాస్టరు చెయ్యి పడితే ఇంక చూసుకోనక్కర్లేదు" అంటారు వాళ్లు. ఊళ్లో సగంమంది మగవాళ్ల నడుములు నాకు తెలుసు, ముఖాలే తెలియవు. మొన్న కూరగాయలకి వెళ్తుంటే ముందు ఒకాయన కోటు వేసుకుని నడుస్తున్నాడు. వీపు చూసి, అరె, ఇది నాదేనే అనుకుని రెండు వీధులు ఆయన వెనకాలే పోయాను. ఆయన వెనక్కి తిరిగి అదోలా చూశాడు. సిగ్గుతో చచ్చాననుకో.

మీ బావ చెయ్యి అలాగే ఉంది. కప్పు పట్టుకుంటే సగం సాసర్లోకే. వణుకు తగ్గేది కాదని డాక్టరు మళ్లీ చెప్పాడు. పదేళ్లు కావస్తోంది కదా, అలవాటైపోయింది. ఆ డాక్టరుకీ మన ముగ్గురికీ తప్ప ఇంకో మనిషికి తెలియకుండా ఇన్నాళ్లు నెట్టుకొచ్చాం, అదే గొప్ప.

వేళకి తిను.

అక్క

•

జూన్ 11

అక్కా, అక్కా, అక్కా,

చేతిలో కత్తెర ఉంటే కింద పెట్టి చదువు.

మా ఫ్యాక్టరీలో శాంపిల్ రూమ్ అని ఒకటుంది. కొత్త కోట్ల నమూనాలన్నీ అక్కడే పుడతాయి. దాని పెద్దాయనంటే అందరికీ హడల్. ఆయన నడిచొస్తుంటే మిషన్లు కూడా మెల్లగా కుడతాయి. శుక్రవారం నీ కోటు వేసుకుని ఆ గది ముందునుంచి పోతున్నాను. "ఏమమ్మా, ఆ కోటు ఓసారి విప్పు" అన్నాడు. ఉద్యోగం పోయిందే అనుకున్నాను!

టేబులు మీద పరిచాడు. తిరగేశాడు. చిన్న బ్లేడుతో కింద అంచు దగ్గర లైనింగు విప్పాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. లోపల గుడ్డ మీద నువ్వు పెట్టిన గాట్లు వేలితో తడిమి, "ఇది ఎడమచేతి పని. గాట్లు ఎటు వాలాయో చూడండి" అని నలుగురు మాస్టర్లనీ పిలిచి చూపించాడు. "కాలరు ఇలా కూర్చోబెట్టడం మీలో ఒక్కడికైనా వచ్చా?" అన్నాడు. నలుగురూ నేల చూపులు! అక్కా, నాకు అక్కడే గెంతాలనిపించింది.

ఎవరు కట్ చేశారని అడిగాడు. నీ గురించి చెప్పాను. శాంపిల్ రూమ్‌లో కటింగ్ మాస్టరు పోస్టు ఒకటి ఖాళీగా ఉందట. ట్రయల్‌కి రమ్మని ఉత్తరం పంపిస్తామన్నారు. కొట్టు పేరూ, వీధీ రాసిచ్చాను. ఇక్కడ నా హాస్టలుకి రెండు వీధుల అవతలే గదులు దొరుకుతాయి. నువ్వూ బావా వచ్చేయొచ్చు. రానంటే చంపేస్తాను.

లైనింగు మళ్లీ కుట్టి ఇచ్చార్లే, కంగారుపడకు.

నీ పిచ్చుక

•

జూన్ 19

పిచ్చుకా,

నా లైనింగు విప్పడానికి ఆయనెవరే? మళ్లీ కుట్టారా? ఎవరు కుట్టారు? నా కుట్టు అంగుళానికి తొమ్మిది పోట్లు. లెక్కపెట్టి చూడు, ఏడే ఉంటాయి.

అసలు నిన్నెవరు చెప్పమన్నారు? నీకు నోరు ఆగదు, చిన్నప్పటినుంచీ అంతే. మగాళ్ల కోట్లు కుట్టే చోట నేను పోయి ఏం చేయను? కొలత తీయాలి కదా. ఒకసారి మీ బావకి జ్వరమొచ్చి పడుకుంటే, కస్టమరు పెళ్లి తొందరలో ఉన్నాడని నేనే ముందుకొచ్చి టేపు పట్టుకున్నాను, గుర్తుందా? నీకు చెప్పలేదేమో. ఆయన చేతులెత్తి నిలబడి, చక్కిలిగింత పెట్టినట్టు కిచకిచ నవ్వాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. మర్నాడు వాళ్లావిడ వచ్చి, "మా ఆయన ఛాతీ చుట్టూ చేతులేశావట, ఎంత ధైర్యం" అని వీధి అంతా వినేలా అడిగింది. మీ బావ లేచొచ్చి ఆవిడకి క్షమాపణ చెప్పారు. నేనేం తప్పు చేశానని ఆయన్ని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు అప్పుడు. ఆ మర్నాడే చెక్క గోడ కట్టించారు.

ఆయన్ని తప్పుపట్టకు. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. పెళ్లైన కొత్తలో మధ్యాహ్నాలు కొట్టు మూసి, పాత దుప్పట్ల మీద నాతో గీయించేవారు. నా ఎడమచేతిని చూసి ఎవరూ నవ్వకుండా చూసుకున్నది ఆయనే. నువ్వు బడికి వేసుకెళ్లిన ప్రతి గౌనూ ఆయన కుట్టిందే, నీ హాస్టలు ఫీజు కూడా ఆ చేతులే కట్టాయి. ఇప్పుడు ఆ చేతులకి పని లేదు, పేరొక్కటే మిగిలింది. అది కూడా నేను లాక్కుని పోతే ఆ మనిషి ఏమవుతాడే?

కాబట్టి వద్దు. ఉత్తరం గిత్తరం పంపించొద్దని చెప్పు.

అక్క

ఆ శాంపిల్ రూమ్‌లో టేబులు పొడవెంత? నిలబడి కట్ చేస్తారా, కూర్చునా? ఊరికే అడుగుతున్నాను.

•

జూన్ 26

అక్కా,

టేబులు పన్నెండు అడుగులు. నిలబడే కట్ చేస్తారు. నున్నటి చెక్క, ఒక్క గీత ఉండదు. కిటికీ ఇంత పెద్దది, వెలుతురు గుడ్డ మీదే పడుతుంది. ఊరికే చెబుతున్నాను.

నీ గది గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. బల్బు వెలుగులో, మూడడుగుల బల్ల మీద, కోటు గుడ్డని నాలుగు మడతలేసి కట్ చేస్తావు. అటువైపు బావ టేపు మెడలో వేసుకుని పొగడ్తలు అందుకుంటారు. బావ మంచివారు. కాదన్నానా? నా గౌన్ల సంగతి మర్చిపోయానా? కానీ ఆ కస్టమరు పెళ్లాం వచ్చి నిన్ను అన్నేసి మాటలంటే, ఆవిడకి సమాధానం చెప్పాల్సిన మనిషి గోడ కట్టించారు. నువ్వు దాన్ని త్యాగం అనుకుంటున్నావు. ఆయన దాన్ని పద్ధతి అనుకుంటున్నారు. తేడా అదే.

ఉత్తరం ఆపమని నేను చెప్పను. ట్రయల్ జూలై ఇరవైన. నువ్వు రా. వచ్చి ఒక్క కోటు కట్ చేసి, నచ్చకపోతే వెళ్లిపో. ఒక్కసారి నలుగురు చూస్తుండగా కత్తెర పట్టుకో అక్కా. నాకోసం.

పిచ్చుక

•

జూలై 5

పిచ్చుకా,

ఉత్తరం వచ్చింది. పైన "మాస్టర్ గారికి" అని ఉంది.

కౌంటరు మీదికే వచ్చింది కాబట్టి మీ బావే చించారు. నేను ఇస్త్రీ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఒకసారి చదివారు, కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివారు. తర్వాత నా వైపు తిరిగి, "చూశావా? పనితనం దాగదు. ఎక్కడో కూర్చున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు" అన్నారు. ఆ ముఖం నువ్వు చూడాల్సింది. పదేళ్లలో అంత సంతోషం నేను చూడలేదు. వీధి మొత్తానికి టీ తెప్పించారు. బొత్తాల కొట్టాయన వచ్చి వాటేసుకున్నాడు. "మా మాస్టరుని పెద్ద ఫ్యాక్టరీ పిలిచింది" అని చివరి కొట్టుదాకా చెప్పొచ్చాడు. నాకూ ఒక కప్పు వచ్చిందిలే, చెక్క గోడ మీదుగా.

నాకు మొదట ఒళ్లు మండింది. తర్వాత భయమేసింది. ఎందుకంటే ఆయన అబద్ధం ఆడటం లేదే. ఆ కోటు తానే కట్ చేశానని నిజంగా అనుకుంటున్నారు. నేను గోడ వెనక చేసే పని ఆయన లెక్కలో తన చేతి పనే. అలా నమ్మేలా చేసింది నేనే కదా.

సాయంత్రం మెల్లగా అడిగాను, "ట్రయల్లో కత్తెర పట్టాలి కదండీ, ఎలా?" అని. "నువ్వు కోటు ముక్కలు కాగితం మీద గీసిచ్చెయ్. గీత మీద నడపడమేగా, ఆ మాత్రం చెయ్యి ఆగదా?" అన్నారు. నువ్వూ రా అనలేదు.

నా గురించి చెప్పానన్నావు కదా, మరి వాళ్లు మాస్టర్ గారికి అని ఎందుకు రాశారే? ఎక్కడ తప్పు జరిగిందో కనుక్కో. ఆయన ప్రయాణం ఆపే దారి ఏదైనా ఉంటే చెప్పు. నలుగురి ముందు ఆ చెయ్యి వణికితే ఆయన తట్టుకోలేరు.

అక్క

•

జూలై 10

అక్కా,

తప్పు ఎక్కడ జరిగిందని అడుగుతున్నావా? ఉత్తరం చించిన చోట జరిగింది. తనది కాదని ఆయనకి తెలియదా? కోటు ఎవరు కట్ చేశారో ఆయనకి తెలియదా? నీకొచ్చింది ఆయన తీసుకున్నారు, అంతే.

కాగితం గీసివ్వకు. గీసిచ్చావంటే నాతో మాట్లాడకు.

పిచ్చుక

•

జూలై 21

అక్కా,

నాతో మాట్లాడకు అని రాశాను. ఇది చదివాక నువ్వే నాతో మాట్లాడవేమో.

బావ నిన్న వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో చుట్ట చుట్టిన కాగితం. నన్ను చూసి నవ్వి, "మా చిన్నదాని ఫ్యాక్టరీ ఇదేనా!" అన్నారు. నేను ఆయన మరదలినని పెద్దాయనకీ చెప్పారు. ట్రయల్ చూడటానికి నన్నూ రమ్మన్నారు పెద్దాయన. నలుగురు మాస్టర్లు గోడవారగా నిలబడ్డారు. టేబులు మీద బూడిదరంగు ఊలు గుడ్డ, పక్కన కొత్త కత్తెర. "మీకోసమే తెప్పించాను మాస్టరుగారూ, ఎడమచేతి కత్తెర" అన్నారాయన.

బావ దాన్ని కుడిచేత్తో తీసుకున్నారు.

నలుగురు మాస్టర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావకి అర్థం కాలేదు. నీ కాగితం పరిచి, గుండుసూదులు పెట్టి, కత్తెర నడిపారు. రెండు అంగుళాలు బాగానే వెళ్లింది. తర్వాత చెయ్యి మొదలుపెట్టింది. గుడ్డ అంచు పళ్లు పళ్లుగా వచ్చింది. బావ చెమటలు కక్కుతూ ఆగారు. నేను దేవుడా దేవుడా అనుకుంటున్నాను. అప్పుడు బావ తలెత్తి, "ఈ కాగితం మా ఆవిడ గీసిందండీ. ఆడవాళ్ల పని కదా, గీత తప్పింది. దాని మీద ఎవరు కోసినా ఇంతే" అన్నారు.

పెద్దాయన గుండుసూదులు ఒక్కొక్కటే తీసి, కాగితాన్ని ఇంకో టేబులు మీద పరిచి, స్కేలు పెట్టి ఆ మూలనుంచి ఈ మూలదాకా చూశారు. చాలాసేపు చూశారు. "కాగితంలో తప్పు లేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ అక్కయ్యా గీసింది? ఆవిడ కట్ చేస్తుందా?" అని అడిగారు.

అక్కా, చెప్పాల్సిన మాట ఒక్కటే. అవును సార్. అంతే. బావ నా వైపు చూశారు. ఆ కళ్లు చూస్తే నన్ను బడి దగ్గర దింపి వెనక్కి తిరిగే బావ గుర్తొచ్చారు. నేను, "నాకు తెలియదు సార్" అన్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఉత్తరం బావ కాజేయలేదు. మొదటి రోజు ఎవరు కట్ చేశారని అడిగినప్పుడు నేను నీ గురించి చెప్పలేదు. నలుగురు మాస్టర్లు చూస్తున్నారు. మా అక్క అంటే ఆ కోటు నా మొహాన పడేస్తారని భయమేసింది. "మా ఊళ్లో మాస్టరుగారండీ" అన్నాను. ముందు పిలుపు రానీ, తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. నీకు త్యాగం, పద్ధతి అని పాఠాలు చెప్పాను చూడు, అప్పటికే ఆ పని చేసేశాను.

పోస్టుకి వేరే ఆయన్ని తీసుకుంటున్నారు. ఇప్పుడైనా వెళ్లి నిజం చెప్పనా? నువ్వు ఊఁ అంటే ఈ క్షణమే వెళ్తాను. తిట్టు అక్కా. ఏదో ఒకటి రాయి.

నీ చెల్లి

•

ఆగస్టు 2

పిచ్చుకా,

నీ ఉత్తరం బొత్తాల కొట్టావిడ తెచ్చిచ్చి పది రోజులవుతోంది. రాయలేకపోయాను. నీ మీద కోపం లేదని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఉంది. ఎందుకు అబద్ధం? మీ బావ మీద వచ్చిన కోపం కంటే నీ మీదే ఎక్కువ వచ్చింది. ఆయనకి ఎలాగూ తెలియదు. నీకు తెలుసు, తెలిసీ తెలియదన్నావు. అన్నం తినాలనిపించలేదు రెండు పూటలు.

తర్వాత ఒక సంగతి తట్టింది. నువ్వు అక్కడ నిలబడి చేసిన పనే నేను పదేళ్లుగా ఇక్కడ కూర్చుని చేస్తున్నాను. నన్ను ఎవరైనా అడిగితే నేనైనా తెలియదనే అనేదాన్నేమో. కోపం పోలేదు కానీ, అన్నం తిన్నాను.

ఎడమచేతికి వేరే కత్తెర ఉంటుందా? నిజంగా ఉంటుందా? మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే పై రేకు గీత మీద పడి గీత కనబడదు. నేను ఇన్నేళ్లూ అంచనా మీదే కోశాను. అది నా చేతకానితనమే అనుకున్నాను. మీ బావకి ఈ కత్తెర సంగతి తెలిసి ఉంటుందా అని ఒక రోజంతా ఆలోచించాను. అడగలేదు.

మీ బావ ఆ రోజు తిరిగొచ్చి, "పెద్ద చోటు, మన పద్ధతి వాళ్లకి సరిపడదు, నేనే వద్దన్నాను" అని వీధిలో చెప్పారు. నాతోనూ అదే చెప్పారు. "కాగితం ఎలా ఉందన్నారు?" అని అడిగాను. "ఏమంటారు, బాగానే ఉందన్నారు" అన్నారు. నిజమే చెప్పారు కదా పాపం. నీ ఉత్తరం అందాక మూడు రోజులు ఓపిక పట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం తెచ్చి ఆయన ముందు పెట్టాను. మొత్తం చదివారు. కాగితం చేతిలో టపటపలాడుతోంది. పదేళ్లలో నలుగురి ముందు ఆయన నా ఊసెత్తింది ఆ ఒక్కసారే, అదీ తప్పు నా మీద వేయడానికి. నేనదే అన్నాను. ఆయన చెక్క గోడ వైపు చూసి, "నా స్థానంలో ఉంటే నువ్వేం చేసేదానివి?" అన్నారు.

"నేనైతే కత్తిరించేదాన్నండీ" అన్నాను.

అంత మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆయన లేచి టేపు తీసి కౌంటరు మీద పెట్టి మేడెక్కారు. ఇవాళ్టికి వారం, కిందికి రాలేదు. భోజనం పైకి తీసుకెళ్తున్నాను, తింటున్నారు, మాట్లాడటం లేదు. రాత్రి ఆయన గుండీలు నేనే విప్పుతాను కదా, అప్పుడు కూడా మాట్లాడరు. నాకు ఏడుపొస్తుంది. అయినా పొద్దున కిందికొచ్చి కొట్టు తెరుస్తున్నాను. వెనక గదిలో కాదు, ముందు కూర్చుంటున్నాను.

పెద్దాయన దగ్గరికి నువ్వు వెళ్లొద్దు. నా సంగతి ఇంకొకరు చెప్పింది చాలు. చెప్పాలనిపిస్తే నేనే రాస్తాను.

వారంలో ఐదుగురు వచ్చారు. ముగ్గురు గుమ్మంలోంచే తిరిగి వెళ్లారు. ఒకాయన కొలతలివ్వను గానీ పాత చొక్కా ఇస్తాను, దాన్ని చూసి కుట్టమన్నాడు, సరేనన్నాను. ఐదో ఆయన ఇవాళ పదకొండింటికి వచ్చాడు. కోటు గుడ్డ పొట్లం బెంచీ మీద పెట్టి, నన్ను దాటి లోపలికి చూస్తూ, "మాస్టర్ గారు లేరా అమ్మా?" అన్నాడు.

"నేనేనండీ" అన్నాను. వినబడేలాగే అన్నాను. టేపు తీసుకుని లేచాను. ఆయన నా చేతిలో టేపు చూసి, వీధి వైపు చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు గబగబా వెళ్లిపోయాడు.

ఆ కంగారులో పొట్లం బెంచీ మీదే వదిలేశాడు. మంచి గుడ్డ, విప్పి చూశాను. దానికోసం రేపు వస్తాడు. వచ్చి మళ్లీ అదే అడుగుతాడు. నేనూ మళ్లీ అదే చెబుతాను.

అక్క